తరగతి వాట్సాప్ గ్రూపు: పెట్టడం, నడపడం, కాపాడుకోవడం

తల్లిదండ్రులకు, పై తరగతుల విద్యార్థులకు

బడి నోటీసుబోర్డు ఇప్పుడు గోడమీద కంటే ఫోన్‌లోనే ఎక్కువ ఉంటోంది. సెలవు, ఫీజు గడువు, పరీక్షల టైంటేబుల్, స్పోర్ట్స్ డే అన్నీ తరగతి గ్రూపులోనే తెలుస్తున్నాయి. అమ్మానాన్నలకొక గ్రూపు, పిల్లలకొక గ్రూపు, పాత విద్యార్థులకొక గ్రూపు ఉంటున్నాయి. గ్రూపు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అది ఏడాది పొడుగునా పోట్లాట లేకుండా, పుకార్లు లేకుండా, అందరికీ పనికొచ్చేలా నడవడమే కష్టం.

మనలాంటి బడులకు ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో ఉండే తెలుగువాళ్ళ ఇంట్లో పిల్లలు తెలుగు వింటారు, మాట్లాడతారు. చదవడం, రాయడం మాత్రం బడి దాటాక చాలా తక్కువ. బస్సు బోర్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు వేరే భాషలో ఉంటాయి. రోజూ నాలుగు తెలుగు అక్షరాలు కంటబడే చోట్లలో తరగతి గ్రూపు ఒకటి. అది పాడైతే సమాచారం ఆగిపోవడం ఒక్కటే కాదు, తెలుగు రాసే అలవాటు కూడా దాంతోపాటే పోతుంది.

గ్రూపు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక కొలత పెట్టుకోవచ్చు. అందులో అందరికంటే బెరుకైన మనిషి భయపడకుండా ఒక ప్రశ్న అడగగలగాలి. ఆ మనిషి ఈ ఏడే చేరిన పిల్లవాడి తల్లి కావచ్చు, తప్పులతో తెలుగు రాసే తండ్రి కావచ్చు, నలుగురిలో నోరు విప్పని పిల్ల కావచ్చు. కింద చెప్పే పద్ధతులన్నీ అందుకోసమే.

1. గ్రూపు దేనికో ముందే రాసిపెట్టండి

చాలా గ్రూపులు చెడేది చెడ్డవాళ్ళ వల్ల కాదు. ఆ గ్రూపు దేనికోసమో ఒక్కొక్కరు ఒక్కో రకంగా అనుకోవడం వల్ల. ఒకరికి అది బడి నోటీసుల కోసం. ఇంకొకరికి పండగ శుభాకాంక్షల కోసం. మరొకరికి తమ దుకాణం గురించి చెప్పుకోవడానికి. ఎవరి లెక్కలో వాళ్ళు చేసేది సరైనదే. చివరికి అందరికీ విసుగే మిగులుతుంది.

అందుకని గ్రూపు పేరు కింద ఉండే వివరణలో రెండు వాక్యాలు రాయండి. ఉదాహరణకు: "ఇది ఆరో తరగతి తల్లిదండ్రుల గ్రూపు. హోంవర్క్, పరీక్షలు, సెలవులు, బడి కార్యక్రమాల గురించి మాత్రమే ఇక్కడ మాట్లాడుకుందాం." కొత్తగా చేరినవాళ్ళు మొదట చూసేది అదే. తర్వాత ఎవరికైనా "ఇది ఇక్కడ వద్దండీ" అని చెప్పాల్సి వచ్చినా, అది మీ సొంత మాటగా ఉండదు, అందరూ ఒప్పుకున్న మాటగా ఉంటుంది.

2. నోటీసులకు ఒకటి, మాటలకు ఒకటి

పరీక్ష తేదీ మారిందన్న నోటీసు కింద నలభై "ఓకే సార్", ఇరవై దణ్ణం బొమ్మలు వచ్చి పడితే, సాయంత్రం పని దిగి వచ్చి ఫోన్ చూసే తండ్రికి ఆ నోటీసు కనబడనే కనబడదు. దీనికి మందు సులువు. రెండు గ్రూపులు పెట్టుకోవడమే.

మొదటిది నోటీసుల గ్రూపు. ఇందులో అడ్మిన్లు మాత్రమే పంపగలిగేలా సెట్టింగు పెట్టుకోవచ్చు. ఈ వీలు వాట్సాప్‌లో 2018 నుంచి ఉంది. రెండోది మాటల గ్రూపు. సందేహాలు, జవాబులు, "మా వాడి పుస్తకం అక్కడ ఉండిపోయిందా" లాంటివి ఇందులో. బిజీగా ఉండేవాళ్ళు రెండోదాన్ని మ్యూట్‌లో పెట్టుకున్నా నష్టం లేదు, ముఖ్యమైనది మొదటి దాంట్లో దొరుకుతుంది.

ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. అంతమంది ఉండొచ్చు కదా అని బడి మొత్తాన్నీ ఒకే మాటల గ్రూపులో కలపకండి. ఒక తరగతి తల్లిదండ్రులయితే ఒకరినొకరు గేటు దగ్గర చూసుకుంటారు. ముఖం తెలిసిన మనిషితో మాట తూలడానికి ఎవరైనా కొంచెం వెనకాడతారు.

సభ్యుల ఫోన్ నంబర్లు గ్రూపులో ఉన్న అందరికీ కనబడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందుకే గ్రూపు లింకును ఊరికే ఎక్కడా పెట్టకూడదు. కొత్తవాళ్ళు చేరడానికి అడ్మిన్ ఒప్పుకోవాలి అన్న సెట్టింగు పెట్టండి. చేరేవాళ్ళు ఏ పిల్లవాడి తరఫున చేరుతున్నారో అడగండి. ఏడాది చివర టీసీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లల ఇళ్ళవాళ్ళను, వాళ్ళకు ఒక మాట చెప్పి, జాబితాలోంచి తీసేయండి.

3. అడ్మిన్ అంటే నీరుగంటి

కోలారు, చిత్తూరు వైపు చెరువు నీళ్ళు పొలాలకు పంచే మనిషిని నీరుగంటి అంటారు. నీళ్ళు ఆయన సొంతం కాదు, చెరువూ ఆయనది కాదు. ఊరు ఒప్పుకున్న వంతుల ప్రకారం మడవ తియ్యడం, కట్టడం ఆయన పని. తన చుట్టాల పొలానికి ఒక గంట ఎక్కువ పారిస్తే ఆయన మాట మర్నాటి నుంచి చెల్లదు. గ్రూపు అడ్మిన్ పని అచ్చం ఇలాంటిదే. ఆయన చేతిలో ఉన్నవి రెండు మూడు మీటలు: సభ్యుల్ని చేర్చడం, తీసెయ్యడం, ఎవరు పెట్టిన మెసేజినైనా అందరి ఫోన్లలోంచి తుడిచెయ్యడం. వాటిని వాడే తీరును బట్టే గ్రూపు నిలుస్తుంది.

ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల రేవులు, పచ్చిక బయళ్ళు కొన్ని ఊళ్ళలో వందల ఏళ్ళు బాగుండి, కొన్ని ఊళ్ళలో ఎందుకు పాడైపోతాయో ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పరిశోధకురాలు చాలా దేశాల ఉదాహరణలు పోల్చి చూశారు. 1990లో వచ్చిన 'గవర్నింగ్ ది కామన్స్' అనే పుస్తకంలో ఆ సంగతులు రాశారు. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. నిలబడిన ఏర్పాట్లలో ఆమెకు కనిపించినవి ముఖ్యంగా ఇవి: ఎవరు లోపలివాళ్ళో ఎవరు కాదో స్పష్టంగా ఉంటుంది. కట్టుబాట్లు ఆ ఊరికి తగినట్టు ఉంటాయి. వాటిని పాటించాల్సినవాళ్ళకే వాటిని మార్చుకునే వీలుంటుంది. కనిపెట్టి చూసే మనిషి వాళ్ళకు జవాబుదారీగా ఉంటాడు. తప్పుకు శిక్ష చిన్నదిగా మొదలై, మళ్ళీ మళ్ళీ చేస్తేనే పెరుగుతుంది. తగువు వస్తే తక్కువ ఖర్చుతో, త్వరగా తీర్చుకునే చోటు ఉంటుంది.

ఇందులో ఒక్కటి కూడా ఫోన్‌ను చూసి రాసింది కాదు. అయినా తరగతి గ్రూపుకు ప్రతి మాటా అతుకుతుంది.

తెలుగు నేల నుంచీ ఇలాంటి పాఠం ఒకటి ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది పల్లెల్ని చూసి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం వెలువరించారు. కాలువ చివర ఉండి, నీళ్ళు అందుతాయో లేదో అని కటకటపడే ఊళ్ళే ఎక్కువగా కలిసికట్టుగా ఏర్పాట్లు చేసుకున్నాయని ఆయన గమనించారు. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళకు ఆ అవసరం అంతగా రాలేదు. తెలుగు భాష విషయంలో మనం చివరి ఆయకట్టు వాళ్ళం. మన దాకా వచ్చే నీళ్ళు తక్కువ. కాబట్టి ఏర్పాటు మనకే ఎక్కువ కావాలి.

అడ్మిన్ల గురించి పాటించదగినవి:

ఒక్కరే ఉండకూడదు. ముగ్గురు ఉంటే మంచిది: ఒక టీచరు, ఒక తల్లి, ఒక తండ్రి. ఒకరు ఊళ్ళో లేకపోయినా పని ఆగదు. ఒకరికి కోపం వస్తే మిగతా ఇద్దరు ఆపుతారు.

ఏడాదికోసారి మారాలి. జూన్‌లో కొత్త తరగతి మొదలయ్యేటప్పుడు మార్చుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

మెసేజి తుడిస్తే ఎందుకు తుడిచారో ఒక్క వాక్యం రాయాలి. చెప్పకుండా తుడిస్తే "నా మాటే ఎందుకు తీసేశారు" అన్న అనుమానం మిగిలిపోతుంది.

తనకు సంబంధం ఉన్న తగువులో అడ్మిన్ తీర్పు చెప్పకూడదు. ఇంకో అడ్మిన్‌కు వదిలెయ్యాలి.

4. కట్టుబాట్లు: నమూనా

ఇరవై నియమాలు పెడితే ఎవరూ చదవరు. ఆరు చాలు. కింది నమూనాను మీ తరగతికి తగ్గట్టు మార్చుకుని, మొదటి పేరెంట్స్ మీటింగులో చదివి, అందరూ ఒప్పుకున్నాక గ్రూపులో పెట్టండి.

ఒకటి: రాత్రి 9 దాటాక, ఉదయం 6 లోపు మెసేజీలు వద్దు. ప్రమాదం, అనారోగ్యం లాంటి అత్యవసరాలు వేరు.

రెండు: ఏ పిల్లవాడి మార్కులు గానీ, తప్పు గానీ, జబ్బు గానీ గ్రూపులో మాట్లాడుకోవద్దు. అది టీచరుకు విడిగా చెప్పండి.

మూడు: వేరే పిల్లల ఫోటోలు, వీడియోలు వాళ్ళ ఇంట్లోవాళ్ళను అడగకుండా పెట్టొద్దు.

నాలుగు: ఫార్వర్డ్ చేసిన వార్తలు, మందుల చిట్కాలు, ఎన్నికల మాటలు, కుల మతాల మాటలు ఇక్కడ వద్దు.

ఐదు: తెలుగు ఎలా రాసినా సరే, ఏ యాసలో రాసినా సరే, వెక్కిరించొద్దు.

ఆరు: టీచరు మీద గానీ, బడి మీద గానీ ఫిర్యాదు ఉంటే గ్రూపులో కాకుండా బడికి వచ్చి చెప్పండి. వారంలోగా జవాబు అందుతుంది.

ఆరో నియమం పెట్టేముందు బడివాళ్ళు ఆలోచించుకోవాలి. ఆ జవాబు నిజంగా వారంలో ఇవ్వగలిగితేనే ఆ నియమం పెట్టాలి. చెప్పుకోవడానికి వేరే చోటు లేకపోతే జనం గ్రూపులోనే చెప్పుకుంటారు. అప్పుడు వాళ్ళ నోరు మూయించాలని చూస్తే, గ్రూపు బయట ఇంకో గ్రూపు పుడుతుంది. అక్కడ బడివాళ్ళు ఉండరు, జవాబు చెప్పే మనిషీ ఉండడు.

5. మాటామాటా పెరిగినప్పుడు

రాసిన మాటకు గొంతు ఉండదు. "మీ అబ్బాయికి చెప్పండి" అన్న మాట ఎదురుగా నవ్వుతూ అంటే ఒకలా ఉంటుంది, ఫోన్‌లో చదివితే ఇంకోలా ఉంటుంది. పైగా నలభై మంది చూస్తున్నారన్న ఊహ వల్ల తగ్గడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని తగువు మొదలైన కాసేపటిలోనే దాన్ని గ్రూపులోంచి బయటికి తీసుకుపోవాలి. వరస ఇలా ఉంటే బాగుంటుంది.

మొదట అడ్మిన్ గ్రూపులో ఒక్క మాట పెట్టాలి: "ఈ విషయం నేను ఇద్దరితోనూ విడిగా మాట్లాడతాను, ఇక్కడ ఆపుదాం." ఎవరిది తప్పో అందులో చెప్పకూడదు.

తర్వాత ఇద్దరికీ ఫోన్ చెయ్యాలి. మెసేజి వద్దు, ఫోనే చెయ్యాలి. గొంతు వింటే సగం వేడి చల్లారుతుంది.

మాట శ్రుతి మించితే గ్రూపును గంటా రెండు గంటలు "అడ్మిన్లు మాత్రమే" సెట్టింగులో పెట్టొచ్చు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో అప్పుడే చెప్పాలి.

అదే మనిషి మళ్ళీ చేస్తే విడిగా హెచ్చరిక. మూడోసారి అయితే వారం రోజులు మాటల గ్రూపులోంచి తీసెయ్యొచ్చు. నోటీసుల గ్రూపులోంచి మాత్రం ఎప్పుడూ తీసెయ్యకండి. తండ్రి మాట తూలినందుకు పిల్లవాడికి పరీక్ష తేదీ తెలియకుండా పోకూడదు.

మిగతా సభ్యులకూ ఒక పని ఉంది. తగువు నడిచేటప్పుడు నవ్వు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పెట్టకుండా ఉండడమే ఆ పని. పక్కనుంచి ఎగదోసేవాళ్ళు లేకపోతే చాలా తగువులు వాటంతట అవే ఆగిపోతాయి.

6. పుకారు: మన రాష్ట్రాల్లోనే జరిగింది

"ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుంది, నిజమైతే మంచిదే కదా" అని అనుకునేవాళ్ళు 2018లో జరిగినవి తెలుసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ ఏడాది దేశమంతటా వాట్సాప్‌లో మెసేజీలు, వీడియోలు తిరిగాయి. మే నెలలో తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో గుడికి వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక పెద్దావిడను జనం కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో ఊరూరా తిరిగి బతికే ఐదుగురిని చంపారు. అదే నెలలో కర్ణాటక బీదర్ జిల్లాలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చంపారు. అక్కడా పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అనుమానానికి మొదలు. వీళ్ళలో ఎవరూ పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్ళు కాదు.

అప్పుడు బాగా తిరిగిన వీడియో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసినది. బండిమీద వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయినవాళ్ళు వెంటనే తిరిగివచ్చి దింపేసి, జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించేశారు. మిగిలిన ముక్క చూసినవాళ్ళకు అది నిజం దొంగతనంలాగే కనిపించింది.

ఆ తర్వాతే 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన మెసేజికి రెండు బాణాల గుర్తు ఉంటుంది. దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ రెండు బాణాలు కనబడితే, రాసిన మనిషి ఎవరో పంపినవాళ్ళకు కూడా తెలియదని అర్థం.

పిల్లల పేరు చెప్పి భయపెట్టే మెసేజి తల్లిదండ్రుల గ్రూపులో ఇట్టే పాకుతుంది. ప్రేమ వల్లే పంపుతారు. కాబట్టి పంపినవాళ్ళను తిట్టొద్దు. అడ్మిన్ మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఇది ఎక్కడ జరిగింది? ఎప్పుడు? మీరు చూశారా, చూసినవాళ్ళు మీకు తెలుసా? జవాబు లేకపోతే మెసేజి తుడిచేసి, "ఇది నిర్ధారణ కాలేదు, ఎవరికీ పంపకండి" అని రాయాలి. నిజంగా భయపడాల్సింది అనిపిస్తే గ్రూపులో కాదు, 112కు ఫోన్ చెయ్యాలి.

7. తెలుగు రాత, వెక్కిరింత

మన గ్రూపుల్లో తెలుగు మూడు నాలుగు రకాలుగా కనబడుతుంది. కొందరు తెలుగు లిపిలో రాస్తారు. కొందరు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. కొందరికి ఏ లిపీ రాదు, వాయిస్ మెసేజి పెడతారు. మాటల్లోనూ తేడా ఉంటుంది. తరతరాలుగా తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ పక్కన బతికిన తెలుగులో ఆ భాషల మాటలు కలిసి ఉంటాయి. అది తప్పు తెలుగు కాదు, ఈ ఊరి తెలుగు.

ఒకరు "వొచ్చినారు" అని రాస్తే, ఇంకొకరు "వచ్చారు అనాలి" అని నలుగురిలో దిద్దుతారు. దిద్దినవాళ్ళది మంచి ఉద్దేశమే కావచ్చు. దిద్దించుకున్నవాళ్ళు మాత్రం మళ్ళీ తెలుగులో రాయరు. "ఓకే" అనో, బొటనవేలి బొమ్మో పెట్టి ఊరుకుంటారు. ఇంట్లో పిల్లలు అది చూస్తారు. అమ్మకే తెలుగు రాయడం సిగ్గయితే, పిల్లకు ఎందుకు రావాలి?

అందుకని కొన్ని చిన్న పద్ధతులు:

నోటీసు తెలుగు లిపిలో పెట్టి, టీచరు దాన్నే చదివి ఒక వాయిస్ మెసేజి కూడా పెట్టాలి. చదవడం రానివాళ్ళకు విషయం తెలుస్తుంది. చదవడం నేర్చుకునే పిల్లలు వింటూ అక్షరాలు పట్టుకుంటారు.

ఇంగ్లీషు అక్షరాలతో అడిగిన ప్రశ్నకు తెలుగు లిపిలో జవాబు ఇవ్వండి. "తెలుగులో రాయండి" అని మందలించకండి. చూసి చూసి వాళ్ళే మొదలుపెడతారు.

ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం చాలామందికి తెలియదు. జీబోర్డు లాంటి కీబోర్డు సెట్టింగుల్లో భాషల జాబితాలో తెలుగు చేర్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు వచ్చే పద్ధతి కూడా అందులో ఉంది. నోటితో చెబితే రాసిపెట్టే మైకు గుర్తు ఉంది. పై తరగతి పిల్లలు పేరెంట్స్ మీటింగు రోజున గేటు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ ఫోన్లలో పెట్టి ఇస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది.

దిద్దడం అవసరమైన చోటు బడి నోటీసు ఒక్కటే. అక్కడ తప్పు ఉంటే టీచరుకు విడిగా చెప్పండి.

8. మాట్లాడని వాళ్ళ సంగతి

పెద్ద ఆన్‌లైన్ గుంపుల్లో నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిదిమంది ఎప్పుడైనా ఒక మాట అంటారు, మిగతా ఒక్కరే ఎక్కువగా మాట్లాడతారు అని జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పారు. తరగతి గ్రూపు అంత పెద్దది కాదు గానీ, పోకడ అదే. గ్రూపులో వినబడేది కొద్దిమంది గొంతే. దాన్ని అందరి అభిప్రాయం అనుకుంటే పొరపాటు. "విహారయాత్రకు అందరూ ఒప్పుకున్నారు" అని రాసేముందు, డబ్బు కట్టలేక మౌనంగా ఉన్నవాళ్ళు ఎందరో ఆలోచించాలి. డబ్బుతో ముడిపడ్డ విషయాలు గ్రూపులో ఓటుకు పెట్టకండి. టీచరుకు విడిగా చెప్పే వీలు ఇవ్వండి.

9. విద్యార్థులకు

వాట్సాప్ వాడడానికి కనీస వయసు 13 ఏళ్ళు. అంతకంటే చిన్నవాళ్ళు అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో, వాళ్ళు పక్కన ఉండగా చూడాలి. పెద్ద తరగతుల వాళ్ళు సొంతంగా గ్రూపు పెట్టుకుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

తరగతిలో అందర్నీ చేర్చి ఒక్కరిని మాత్రం వదిలేసి గ్రూపు పెట్టడం కూడా ఏడిపించడమే. కొట్టకపోయినా, తిట్టకపోయినా నొప్పి ఒకటే.

ఎవరైనా మీకు నమ్మకంతో పంపినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇంకో చోట పెట్టొద్దు. మీరు తుడిచినా, చూసినవాళ్ళ ఫోన్లో అది ఉండిపోతుంది.

ఏడిపిస్తున్నది మిమ్మల్నే అయితే, ముందు ఆ మెసేజిల స్క్రీన్‌షాట్లు దాచుకోండి, తర్వాత పెద్దవాళ్ళకు చెప్పండి. చాడీ చెప్పడం వేరు, సాయం అడగడం వేరు. ఇంట్లో చెప్పలేకపోతే టీచరుకు చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే 1098కి ఫోన్ చెయ్యొచ్చు. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, డబ్బు పడదు.

ఏడిపిస్తున్నది వేరేవాళ్ళనైతే, గ్రూపులో వాదించడం కంటే ఆ పిల్లవాడికి విడిగా "నేనున్నాను" అని ఒక మాట పంపండి. అదే పెద్ద సాయం.

మంచి గుంపు ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళు తెలుగు వికీపీడియాను చూడండి. అది 2003 డిసెంబరులో మొదలైంది. వ్యాసాలు రాసేవాళ్ళు వేర్వేరు ఊళ్ళలో, దేశాల్లో ఉంటారు. వాళ్ళ ఉమ్మడి మాటలన్నీ 'రచ్చబండ' అనే పేజీలో అందరికీ కనబడేలా జరుగుతాయి. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది. ఎవరు ఏ మార్పు చేశారో చరిత్రలో ఉంటుంది, తప్పు మార్పును వెనక్కి తిప్పొచ్చు. నిర్వాహకులను సభ్యులే చర్చించి ఎన్నుకుంటారు. రాతను విమర్శించవచ్చు, రాసిన మనిషిని మాత్రం అనకూడదు అన్నది అక్కడి పద్ధతి. మీ ఊరి పేజీలో ఒక తప్పు దిద్దడంతో మీరూ మొదలుపెట్టొచ్చు.

10. డబ్బు మోసాలు

గ్రూపులో ఉన్న మనిషి పేరుతోనే "అర్జెంటుగా అయిదు వేలు పంపండి" అని మెసేజి వస్తే, ఆ మనిషికి మామూలు ఫోన్ కాల్ చేసి అడగండి. వాళ్ళ వాట్సాప్‌ను ఇంకెవరో పట్టేసి ఉండొచ్చు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరు అంకెల కోడ్ ఎవరడిగినా చెప్పకూడదు. సెట్టింగుల్లో అకౌంటు కింద రెండంచెల పిన్ పెట్టుకోండి. బడి ఫీజు కోసం గ్రూపులో క్యూఆర్ కోడ్ కనబడితే, బడి ఆఫీసులో అడిగాకే కట్టండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

11. చట్టం ఏమంటోంది

సభ్యుడు పెట్టిన చెడ్డ మెసేజికి, అడ్మిన్ అయినంత మాత్రాన అడ్మిన్‌ను నేరస్తుడిగా చూడలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్ కూడా అందులో చెయ్యి కలిపితే అది వేరే సంగతి. కాబట్టి భయపడి అడ్మిన్ పని వదులుకోనక్కర్లేదు, చూసీ చూడనట్టు ఉండకూడదు.

పిల్లల గురించిన చట్టాలు గట్టివి. నేరానికి గురైన పిల్లవాడి పేరు, ఫోటో, బడి, ఊరు లాంటి గుర్తు పట్టే వివరాలు బయటపెట్టడం 2015 బాల న్యాయ చట్టం ప్రకారం నేరం. "న్యాయం జరగాలి" అని ఫార్వర్డ్ చేసినా ఆ బిడ్డకు మేలు కాదు. పిల్లలను అసభ్యంగా చూపే బొమ్మలు పంపడం ఐటీ చట్టం 67బి సెక్షను కింద పెద్ద నేరం. అలాంటిది వస్తే ఎవరికీ పంపకుండా, సాక్ష్యం కోసం అని కూడా పంపకుండా, పోలీసులకు చెప్పాలి.

12. మూడు నెలలకోసారి చూసుకోవలసినవి

జాబితాలో గుర్తు తెలియని నంబర్లు ఉన్నాయా? నోటీసులు తెలుగులో, వాయిస్‌తో సహా వస్తున్నాయా? గత నెలలో కొత్తగా ఎవరైనా ఒక ప్రశ్న అడిగారా, దానికి మంచి జవాబు వచ్చిందా? ఎవరైనా గ్రూపు వదిలి వెళ్ళారా, ఎందుకని అడిగారా? గ్రూపు వదిలితే ఆ సంగతి ఇప్పుడు అడ్మిన్లకే తెలుస్తుంది కాబట్టి, అడగాల్సిన బాధ్యతా వాళ్ళదే.

వెళ్ళినవాళ్ళకు ఫోన్ చేసి "ఏమైంది వదినా, ఏమైంది అన్నా" అని అడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది: ఎవరో నవ్వారు, ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఆ చిన్నదాన్ని సరిచేస్తే వాళ్ళు తిరిగి వస్తారు.